ఆరని కార్పెట్

9, సోమవారం

ప్లే స్కూలు నడిపే సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. మోకాళ్ల దాకా. ఒళ్లంతా బురద, రేపు రాస్తాను.

10, మంగళవారం

నీళ్లు తోడేశాం. నాన్న వ్యాన్ డ్యూటీకి సెలవు పెట్టి ఎక్కడి నుంచో మోటారు తెచ్చాడు. మోటారుకి అందని అడుగు నీళ్లు నేనూ అమ్మా మగ్గులతో ఎత్తి పోశాం. వీధి చివర కాలువ పూడుకుపోయిందట, వాన నీళ్లన్నీ తిన్నగా మా మెట్లు దిగాయట. వీధిలో ఇన్ని ఇళ్లుండగా మాకే ఎందుకిలా అని ఏడ్చాను. సెల్లార్ ఉన్నది మా ఒక్క ఇంటికే అని తర్వాత గుర్తొచ్చింది.

ప్లాస్టిక్ బొమ్మలు బతికాయి. బొమ్మల పుస్తకాలు తడిసిన బ్రెడ్డులా ఉబ్బాయి. గోడ మీద నేను వేసిన ఏనుగుకి కాళ్లు కరిగిపోయి, గాల్లో తేలుతున్నట్టుంది. కార్పెట్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అడుగు వేస్తే కాలి వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు పైకొస్తున్నాయి.

పిల్లల్ని పైన మా ముందు గదిలో కూర్చోబెట్టాను. ఎనిమిది మంది. మంచం, బీరువా, కుట్టుమిషను, వాటి మధ్యలో వాళ్లు. ఒకడు బీరువా తెరిచి నాన్న చొక్కాల మధ్య దాక్కున్నాడు. మా పై అంతస్తులో ఉండే ఓనరు ఆంటీ మధ్యాహ్నానికల్లా దిగింది.

‘‘నా మంచం కింద సంత పెట్టినట్టుందమ్మాయ్. సరే, కష్టంలో ఉన్నావు, నెలాఖరు దాకా ఓర్చుకుంటాను. ఒకటో తారీఖు పొద్దునకి నీ పిల్లలు సెల్లార్‌లో ఉండాలి. లేకపోతే నీ బడి ఇంకో చోట పెట్టుకో.’’

ఇంకో చోటు ఎక్కడుంది? ఎక్కడ అడిగినా ‘పిల్లలా, వద్దమ్మా’ అనేవాళ్లే. ఈ సెల్లార్ దొరకడానికే చెప్పులరిగేలా తిరిగాను.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. చదివి, టీచరునై, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా ప్లే స్కూలు పెడతానంటే అమ్మా నాన్నా ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ‘‘నువ్వు చెప్పినట్టే’’ అన్నారు. ఇద్దరూ ఒకేసారి. అందుకే ఇది మూతపడకూడదు. మూతపడితే వాళ్లు తిట్టరు కూడా. అదే నా భయం.

11, బుధవారం

ఈ కార్పెట్ అమ్మ పనిచేసే ఆఫీసుది. వాళ్లు కొత్తది వేసుకుంటూ దీన్ని పారేయబోతే అమ్మ అడిగి తెచ్చింది. ఎనిమిదేళ్లు రోజూ తను తుడిచిన కార్పెట్. తోటి పనివాళ్లు చుట్టి పెడితే నాన్న వ్యాన్‌లో వేసుకొచ్చాడు. మా సెల్లార్‌కి సరిపోయేలా అమ్మే కొలిచి కోసింది. దాని కింద వేసిన స్పాంజి కూడా అక్కడిదే.

‘తీసేద్దాం’ అనే మాట నోటిదాకా వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తోంది. ఆ మొహం చూసి మాట మింగేశాను.

‘‘కార్పెట్ ఉండాలమ్మా. పిల్లలు పడినా దెబ్బ తగలదు. ఆరబెడదాం’’ అన్నాను.

‘‘నువ్వు చెప్పినట్టే’’ అంది.

పిల్లలు పడితే దెబ్బ తగలకూడదు కదా. అది నిజమే.

మూడు స్టాండు ఫ్యాన్లు పెట్టాను. పైనున్న చిన్న కిటికీలు రెండూ బార్లా తీశాను. ఎవరూ తొక్కొద్దని, ఫ్యాన్లు ఆగకూడదని ఇద్దరికీ చెప్పాను. నాన్న ‘‘మీ మాట మాకు చట్టం టీచరమ్మా’’ అని సెల్యూట్ కొట్టాడు.

13, శుక్రవారం

పిల్లలు వెళ్లాక కిందికి దిగి చూశాను. ఆరింది. గోడ పక్కన ఆరింది. కొంచెం ఆరింది.

14, శనివారం

వాసన మొదలైంది.

ఏ వాసనో రాద్దామని కూర్చున్నాను, కుదరడం లేదు. తడి గోనెసంచిలో కుక్కని మూటగట్టి వారం మర్చిపోయినట్టు. కాదు, అంతకంటే పుల్లగా ఉంది. దాని మీద అమ్మ చల్లిన ఫినాయిలు, నేను కొట్టిన మల్లెపువ్వుల స్ప్రే. మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు.

మెట్ల మీదుగా పైకి కూడా వస్తోంది. బ్యాంకు మేడమ్ పిల్లని దింపడానికి వచ్చి గుమ్మంలోనే ఆగింది. ఆమె కూతురిని అందరం సైరన్ అంటాం. ఏడుపు మొదలుపెడితే వీధి చివర వాళ్లు కూడా దారి ఇవ్వాల్సిందే. కానీ ఆ పిల్లకి ఆయాసం. అందుకే మేడమ్ ముక్కు అంత చురుకు.

‘‘కింద బూజు పట్టిందా?’’

‘‘లేదు మేడమ్. ఆరుతోంది, అంతే.’’

‘‘ఒకటో తారీఖున నేనే దిగి చూస్తాను. వాసన ఉంటే మాత్రం మా అమ్మాయిని ఉంచను. ఏమీ అనుకోకండి.’’

అనుకోకుండా ఎలా ఉంటాను? ఆమె తీసుకెళ్లిపోతే మిగతా తల్లులూ తీసుకెళ్లిపోతారు. అందరూ ఆమె మొహం చూసే నిర్ణయించుకుంటారు.

16, సోమవారం

నిన్న ఆదివారం రోజంతా నేను దగ్గరుండి ఫ్యాన్లు అటూ ఇటూ జరిపాను. సాయంత్రానికి మోకాలు ఆనించినా చీర అంటుకోలేదు. సంతోషంతో ఇంట్లో అందరికీ టీ పెట్టాను.

ఈ సాయంత్రం దిగితే మధ్యలో మళ్లీ చిత్తడిగా ఉంది. అంచులు బాగానే ఉన్నాయి, మధ్యలో తడి. వాన కూడా గట్టిగా పడలేదు, ఉత్త ముసురే. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

17, మంగళవారం

మళ్లీ తడి.

18, బుధవారం

గోడలోంచి వస్తోంది. ఇంకెక్కడి నుంచి వస్తుంది? ఓనరు ఆంటీ బాత్రూము పైపు ఆ గోడలోంచే కదా దిగేది. ఆమెతో ఈ మాట అంటే ‘‘మా పైపులు నా పెళ్లి నాటివి, ఒక్క చుక్క కారవు’’ అంది. పెళ్లి నాటివైతే కారవా? పైకి అనలేదు. ప్లంబరుకి ఫోన్ చేశాను.

అమ్మకి నడుం పట్టేసింది. అన్నం వడ్డిస్తూ ‘అమ్మా’ అని మూలిగింది. చేతి వేళ్లు పాలిపోయి ముడతలు పడ్డాయి, బట్టలుతికినట్టు. ఆఫీసులో పని పెంచారేమో. పని పెంచారా అని అడిగితే ‘‘ఆ, కాస్త’’ అంది. ఈ ప్లే స్కూలు నిలబడితే ముందు అమ్మ చేత ఆ ఉద్యోగం మానిపించాలి.

19, గురువారం

ప్లంబరు వచ్చాడు. గోడకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, డాక్టరులా చాలాసేపు విన్నాడు.

‘‘ఏం వినిపిస్తోంది?’’ అన్నాను.

‘‘పైన ఎవరో టీవీ చూస్తున్నారు మేడమ్.’’

పగలగొట్టమన్నాను. నాన్న నా వైపు చూశాడు, ఏదో అనబోయాడు, మానేశాడు. గోడలో నాలుగు చోట్ల కన్నాలు పెట్టించాను. లోపల ఇటుక ఎర్రగా, పొడిగా, వేసవి కాలంలో ఉన్నట్టుంది. ప్లంబరు వేలితో గీసి ఆ దుమ్ము నాకు చూపించాడు. ‘‘ఇంకోటి పెట్టమంటారా?’’

పెట్టమన్నాను. అదీ పొడిగానే ఉంది.

20, శుక్రవారం

ఓనరు ఆంటీ కన్నాలు చూసింది. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను. ఒకటో తారీఖు గడువులో మాత్రం ఒక్క పూట కూడా పెరగదట, కన్నాలు పూడ్చడం నా పనట.

ముగ్గురు పిల్లల తల్లులు మానిపించేశారు. ఇరుకుగా ఉందని ఒకరు, దూరమవుతోందని ఒకరు. దూరమెలా అవుతుంది? ఇల్లు నడిచిందా? మూడో ఆమె నిజం చెప్పింది. ‘‘మా వాడి బట్టలు వాసనొస్తున్నాయి టీచర్’’ అంది.

ఇంక ఐదుగురు.

22, ఆదివారం

ఈరోజు పొడి. రేపు తడి అవుతుందని నాకు తెలుసు. ఈ కార్పెట్‌కి నా మీద పగ.

23, సోమవారం

చేయి నొప్పి పుట్టినా సరే, జరిగింది జరిగినట్టు రాయాలి.

పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. సైరన్ ఒక్కటే లేచి, చెప్పు చేతిలో పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది. ఆయాసం పిల్ల, కింద ఆ కంపులోకి పోతే ఇంకేమైనా ఉందా! వెనకే పరిగెత్తాను. సెల్లార్ తలుపు తీసే ఉంది.

అమ్మ మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో కార్పెట్ రుద్దుతోంది. పక్కన బకెట్. చుట్టూ సబ్బు నురగ.

‘‘అమ్మా! ఏం చేస్తున్నావ్?’’

‘‘ఏముంది, కడుగుతున్నా.’’

‘‘ఎప్పటి నుంచి?’’

‘‘రోజూ. డ్యూటీ దిగి రాగానే. ఆదివారం నువ్వు ఇక్కడే కాపలా ఉంటావు కదా, కుదరదు.’’

‘‘నేను ఆరబెడుతుంటే నువ్వు తడుపుతున్నావా?’’

‘‘వాసనొస్తుంటే కడగకుండా ఏం చేస్తారే? ఆఫీసులో అయినా అంతే. కంపు కొడితే సబ్బు పెట్టి రుద్దడమే.’’

‘‘ఆఫీసులో నీళ్లు పీల్చే మిషను ఉంటుంది! ఎవరూ తొక్కొద్దని చెప్పానా లేదా?’’

‘‘తొక్కలేదు. మోకాళ్ల మీదే ఉన్నా.’’

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడే నాన్న మెట్లు దిగాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతూ, మా వైపు చూడకుండానే గోడ మీదకి చెయ్యి పోనిచ్చి స్విచ్చులు మూడూ ఆపేశాడు. వెనక్కి తిరగబోతూ మమ్మల్ని చూశాడు. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి.

‘‘నాన్నా?’’

‘‘ఎవరూ లేని గదికి గాలెందుకని...’’

‘‘రోజూ ఆపుతున్నావా?’’

‘‘అన్నానికి వచ్చినప్పుడు ఆపి, నువ్వు సాయంత్రం దిగే ముందు మళ్లీ వేస్తున్నానమ్మా. నీ మాట తీసెయ్యలేదు.’’

సైరన్ ఆ నురగలో చెయ్యి పెట్టబోతే ఎత్తుకున్నాను. ఎత్తుకునే అరిచాను. గోడలు పగలగొట్టించాను కదా, ఓనరు కాళ్ల మీద పడ్డంత పని చేశాను కదా, ముగ్గురు పిల్లలు పోయారు కదా, ఒక్కళ్లైనా చెప్పలేదేం అని. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అమ్మ బ్రష్షు కింద పెట్టింది. ‘‘మరి నువ్వు? ముసురు పట్టిన రోజుల్లో కిటికీలు బార్లా తీశావు. బయట గాలి పిండితే నీళ్లొచ్చేట్టుంది. అదంతా లోపలికే కదా వచ్చేది?’’

‘‘అయితే అప్పుడే చెప్పొచ్చు కదా!’’

‘‘నీకా? చదువుకున్నదానివి, ఏదో ఆలోచించే తీశావనుకున్నాం. నీతో ఏం వాదిస్తాం? కడిగి చూపిస్తే వాసన పోతుంది, నువ్వే సంతోషపడతావనుకున్నా.’’

‘‘ఈ పాడు కార్పెట్‌ని మొదటి రోజే పారేసేదాన్ని. నువ్వు బాధపడతావని ఉంచాను.’’

‘‘నేనా?’’ అమ్మ నడుం పట్టుకుని లేచింది. ‘‘నాకెందుకే బాధ? ఎనిమిదేళ్లు దీని మీద టీ మరకలు రుద్ది రుద్ది మోకాళ్లు అరిగాయి నాకు. దీని మొహం చూస్తేనే ఒళ్లు మంట.’’

‘‘మరెందుకు తెచ్చావు?’’

‘‘నువ్వు పదో క్లాసు పాసైన రోజు మా ఆఫీసుకొచ్చి, చెప్పులు విప్పి మరీ దీని మీద నడిచావు. ఇంత మెత్తగా ఉంటుందా అమ్మా అన్నావు. అందుకని తెచ్చా.’’

నాకు ఆ సంగతి గుర్తే లేదు.

నాన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ‘‘అంటే దీన్ని కావాలనుకున్నవాళ్లు ఇంట్లో ఒక్కళ్లూ లేరన్నమాట. పాపం, ఆ ముక్క దానికైనా ముందే చెప్పాల్సింది.’’

సైరన్ ఏడుపు ఎత్తుకుంది. పైన మిగతా నలుగురూ లేచారు.

24, మంగళవారం

కోసేశాం. పిల్లలు వెళ్లాక నాన్న బ్లేడుతో, అమ్మ కత్తితో, నేను వంటింటి కత్తెరతో. ముక్కుకి పొడిగుడ్డలు కట్టుకున్నా కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ముక్క ఎత్తితే కింద స్పాంజి ముద్దముద్దగా, నల్లగా ఊడి చేతికి వచ్చింది. ఇన్నాళ్లు నేను పైపైన తడిమి ఆరిందా లేదా అని చూసుకుంటుంటే, కింద ఉన్నది ఇదా?

‘‘అడ్డంగా కోస్తే త్వరగా వస్తుంది’’ అన్నాను.

‘‘అడ్డంగా కోస్తే మెట్ల దగ్గర తిరగదు. నిలువుగా కొయ్యి’’ అంది అమ్మ.

చెయ్యి ఆపి ఆమె వైపు చూశాను. ఆమె కూడా తన మాటకి తనే ఉలిక్కిపడ్డట్టు ఆగింది. తర్వాత నిలువుగా కోశాం. మెట్ల దగ్గర అదీ తిరగలేదు. నాన్న మా ఇద్దర్నీ చూసి ‘‘ఇప్పుడు నన్నడగండి’’ అన్నాడు. అడిగితే ఆయనకీ తెలియదట.

రెండు ట్రిప్పులు వ్యాన్‌లో తీసుకెళ్లి చెత్త యార్డులో పడేసి వచ్చాడు. వ్యాన్‌కి ఇప్పుడు ఆ వాసన పట్టింది.

26, గురువారం

ఉత్త సిమెంటు నేల, మీద జిగురు మరకలు. కిటికీలు మూశాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ మెట్ల దగ్గర నిలబడి ‘‘తిరుగుతున్నాయమ్మోయ్’’ అని పైకి కేక వేస్తున్నాడు. చిరాకేసి వద్దన్నాను. ‘‘ఇలా అయితే నీకు అనుమానం ఉండదు’’ అని మళ్లీ వేశాడు.

28, శనివారం

కన్నాలు పూడ్పించి, గోడలకి పసుపు రంగు వేయించాను. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పమని అమ్మని అడిగాను. నా బుద్ధి గడ్డి తిని అడిగాను.

‘‘ఏమీ బాలేదు. జ్వరం వచ్చిన మొహంలా ఉంది. పిల్లలు అరిస్తే గది మోగుతుంది. ఆ ఏనుగుకి కాళ్లు మళ్లీ వేశావు కానీ ఒకటి పొట్టి.’’

‘‘ఇంకేమైనా ఉందా?’’

‘‘ఉంది. నువ్వు పిల్లలకి అన్నం మరీ ఆలస్యంగా పెడుతున్నావు. అందుకే ఏడుస్తున్నారు. ఎప్పటి నుంచో చెప్దామనుకుంటున్నా.’’

ఇన్నేళ్లు ‘నువ్వు చెప్పినట్టే’ అన్న మనిషి కడుపులో ఇంత ఉందా! రోషం పట్టలేక పైకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కాసేపటికి కిందికి వచ్చి ఏనుగు కాలు సరిచేశాను. అన్నం సంగతి ఆలోచిస్తాను.

30, సోమవారం

వాసన లేదు. గుమ్మంలో నిలబడి చూశాను, లేదు. మధ్యలో నిలబడి చూశాను, లేదు. మెట్ల కింద మూల దగ్గర ఏదో ఉన్నట్టు అనిపించింది కానీ అది రంగు వాసన కావచ్చు. నాకు జలుబు కూడా చేసింది. లేదు.

1, మంగళవారం

పొద్దున్నే అమ్మ డ్యూటీ నుంచి త్వరగా వచ్చేసింది. నేలంతా పొడిగుడ్డతో తుడిచి చాపలు పరిచాం. మిగతా నలుగురు తల్లులు పిల్లల చేతులు పట్టుకుని మెట్ల పైన నిలబడ్డారు. ఎవరూ దిగడం లేదు. బ్యాంకు మేడమ్ దిగేదాకా ఎవరూ దిగరు. ఓనరు ఆంటీ బాల్కనీలోంచి వంగి చూస్తోంది.

మేడమ్ దిగింది. సైరన్‌ని చంకన ఎత్తుకునే గదంతా తిరిగింది. 

‘‘వాసన పూర్తిగా పోయింది మేడమ్’’ అన్నాను. 

‘‘పోలేదు’’ అంది అమ్మ.

నా పక్కనే నిలబడి, తుడిచిన గుడ్డ చేతిలో పట్టుకుని అంత మాట అనేసింది. మేడమ్ నన్ను చూసి, అమ్మని చూసింది.

‘‘ఎక్కడ?’’

‘‘ఆ మెట్ల కింద మూలండీ. అక్కడ నేల ఇంకా చెమ్మ తాగి ఉంది. మిగతా అంతా ఆరింది. ఆ మూల ఇంకొన్నాళ్లు పడుతుంది.’’

మేడమ్ పిల్లని నా చేతికిచ్చి, మూల దగ్గరికి వెళ్లి, ఇస్త్రీ చీరతోనే గొంతుక్కూర్చుని వాసన చూసింది. నేలకి అరచెయ్యి ఆనించింది. చాలాసేపు లేవలేదు. సైరన్ నా జడ పట్టుకుని లాగుతోంది. అమ్మ వైపు నేను చూడలేదు. చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

మేడమ్ లేచి చెయ్యి దులుపుకుంది. ఈసారి నాతో కాదు, అమ్మతోనే మాట్లాడింది.

‘‘ఆరేదాకా ఈ మూలకి అడ్డం పెడతారా?’’

‘‘బీరువా పెడతాం. ఇప్పుడే తెస్తాడు ఆయన.’’

‘‘సాయంత్రం మా అమ్మాయి ఊపిరి చూస్తాను. తేడాగా ఉంటే రేపట్నుంచి పంపను.’’

‘‘పంపకండి’’ అంది అమ్మ.

మేడమ్ మొహంలో నవ్వులాంటిది ఏదో వచ్చి పోయింది. ఆమె సైరన్ కాళ్లకున్న చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి, బ్యాగు నా భుజానికి తగిలించి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. పైన ఉన్నవాళ్లతో ఏమందో వినిపించలేదు. ఒకరి వెనక ఒకరు దిగారు. నలుగురూ.

బీరువా దింపేటప్పుడు నాన్న వేలు నలిగింది. మధ్యాహ్నం అన్నం అరగంట ముందు పెట్టాను. ఇద్దరు మాత్రమే ఏడ్చారు. సాయంత్రం మేడమ్ వచ్చి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపుకి చెవి ఆనించి విని, ‘‘రేపు తొమ్మిదికి’’ అని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక అమ్మని పట్టుకున్నాను. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నది అంతా ఒక్కసారే వచ్చింది. ఆవిడ పిల్లని తీసుకుని వెళ్లిపోతే ఏం చేసేదానివి, ఇన్నాళ్ల కష్టం గంగపాలయ్యేది కదా, ముందు నాతో చెప్పొచ్చు కదా అన్నాను.

‘‘నీకు చెబితే లేదంటావు. నిన్న ఆ మూల దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చి మరీ లేదనుకున్నావు, నేను చూశా. ఆయాసం పిల్ల అది.’’

నిజమే, చూసింది. అయినా కోపం తగ్గలేదు.

‘‘ఇంకోసారి పిల్లల తల్లుల ముందు నా మాటకి ఎదురు చెప్పకు’’ అన్నాను.

‘‘చెబుతాను’’ అంది.